యాభై దాటాక గోల్ఫ్ కర్ర పట్టేవారికి

ఈ శీర్షికలో రక్తపోటు, మధుమేహం, కీళ్ళనొప్పుల గురించి చదవడానికి అలవాటుపడిన మీకు ఈ వారం గోల్ఫ్ అన్న మాట కనిపిస్తే కాస్త వింతగానే ఉంటుంది. "రాజాం సర్కారు ఆస్పత్రి డాక్టరుకీ గోల్ఫుకీ ఏమిటండీ సంబంధం?" అని మీరు అడిగేలోపే మా ఇంట్లో అడిగేశారు. మా ఊళ్ళో జనపనార మిల్లులున్నాయి గాని గోల్ఫ్ మైదానం లేదు. మాకు అందుబాటులో ఉన్నది సుమారు నూరు కిలోమీటర్ల అవతల, విశాఖపట్నంలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బు. అయినా ఏడాదిన్నరగా ఈ ఆట తెచ్చిపెట్టిన నడుము నొప్పులూ, మోచేతి నొప్పులూ నా దగ్గరకు వస్తూనే ఉన్నాయి. ఉద్యోగాలు చేసి రిటైరై విశాఖలోనో హైదరాబాదులోనో స్థిరపడినవారు, అమెరికాలో పిల్లల దగ్గర నాలుగు నెలలుండి అక్కడ సరదాపడి వచ్చినవారు, పండుగకు సొంత ఊరు వచ్చి నడుము పట్టుకుని నా గదిలోకి అడుగుపెడతారు. ఒకప్పుడిది దొరల ఆట. కలకత్తాలో 1829లోనే క్లబ్బు పెట్టుకున్నారు, బ్రిటిషు దీవులకు బయట అంత పాతది ఇంకొకటి లేదు. దొరలు వెళ్ళిపోయారు. కర్రలు మన చేతికొచ్చాయి. ఆ కర్రలు ఎలాంటివో, వాటితో ఎలా కొట్టాలో తెలియకపోతే శరీరానికి ఏమవుతుందో చెప్పడమే ఈ వారం నా పని.

మా బావగారి సంగతి చెబితే విషయం తేలికగా బోధపడుతుంది. ఆయన మా అప్ప భర్త. (అక్కను మా వైపు అప్ప అంటాం.) వయసు 61. మూడేళ్ళ క్రితం గుండెపోటు వచ్చింది, ఒక రక్తనాళంలో స్టెంటు వేశారు. రోజూ ముప్పావుగంట నడవమని గుండె డాక్టరుగారు గట్టిగా చెప్పారు. బావగారు నాలుగు రోజులు నడిచారు. అయిదో రోజు మంచం దిగలేదు. నేను ఫోను చేసి అడిగితే, "ఎక్కడికైనా వెళ్ళడానికి నడుస్తారు గాని డాక్టరూ, నడవడానికి నడవడమేమిటయ్యా?" అన్నారు. ఈ ప్రశ్నకు నేను చదివిన పుస్తకాల్లో జవాబు లేదు. అలాంటి రోజుల్లో పాత స్నేహితుడొకాయన ఆయన్ను వేకువనే లేపి గోల్ఫ్ మైదానానికి తీసుకుపోయాడు. గుండె డాక్టరుగారూ సరేనన్నారు. ఇంకేం, వారానికి మూడు ఉదయాలు, రోజుకు 9 గుంటలు, అంటే నాలుగైదు కిలోమీటర్ల నడక. బంతి ఎటు పోతే మనిషి అటు పోవాలి గనుక కొత్తవాళ్ళకు ఆ దూరం ఇంకా ఎక్కువే. ఆరు నెలల్లో 5 కిలోల బరువు తగ్గారు. ఉదయం పరగడుపున చూసే షుగరు దారికి వచ్చింది. మా అప్ప పోలిపల్లి పైడితల్లి అమ్మవారికి మొక్కుకుంది.

ఏడో నెలలో అమెరికా నుంచి కొడుకు తాను వాడి పక్కన పెట్టిన పూర్తి సెట్టు పంపాడు. 14 కర్రలు. ఆ పిల్లవాడు ఆరడుగుల మనిషి, కండ ఉన్నవాడు. మా బావగారు అయిదడుగుల నాలుగంగుళాలు. ఆ కర్రలతో మూడు వారాలు ఆడేసరికి ఆయన నడుము పట్టేసింది. చెబితే నేను ఆట మానిపిస్తానని భయం. మందుల దుకాణంలో అడిగి నొప్పి బిళ్ళలు తెచ్చుకుని రోజుకు రెండు చొప్పున తొమ్మిది రోజులు మింగారు. నొప్పి తగ్గడం, మళ్ళీ వెళ్ళి కొట్టడం. అమ్మవారి యాత్రకు రాజాం వచ్చినప్పుడు కాళ్ళు చూస్తే వేలితో నొక్కిన చోట గుంట పడుతోంది. రక్తపోటు 170/100. రక్తపరీక్షలో క్రియాటినిను ఉండవలసినదానికంటే పైన ఉంది.

ఇక్కడ కాసేపు ఆగి నొప్పి బిళ్ళల సంగతి చెప్పాలి. డైక్లోఫెనాకు, ఐబూప్రొఫెను, ఎసిక్లోఫెనాకు వంటివి నొప్పిని నిజంగానే తగ్గిస్తాయి. కాని అవే బిళ్ళలు మూత్రపిండాలకు చేరే రక్తాన్నీ తగ్గిస్తాయి, ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెడతాయి, రక్తపోటును పెంచుతాయి. చెమట కారి ఒంట్లో నీరు తగ్గినప్పుడు వేసుకుంటే మూత్రపిండాల మీద దెబ్బ మరింత గట్టిగా పడుతుంది. స్టెంటు వేయించుకున్నవారు రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిను, క్లోపిడోగ్రెలు వాడుతుంటారు. వాటితో ఇవి కలిస్తే కడుపులో రక్తస్రావం జరగవచ్చు. గుండెపోటు మళ్ళీ వచ్చే అవకాశమూ పెరుగుతుంది. పక్కనే ఉద్దానంలో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు పల్లెల్లో ఇంటింటా కిడ్నీ రోగులను చూసిన ప్రాంతం మాది. అక్కడి జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు గాని, పనిలో పడ్డ నొప్పికి బిళ్ళలు మింగే అలవాటు అనుమానితుల జాబితాలో ఉండనే ఉంది. ఎవరైనా నా ఎదుట "ఒక్క పెయిన్ కిల్లరే కదండీ" అంటే నాకు కోపం వచ్చేది అందుకే. బావగారి చేత బిళ్ళలు మాన్పించాను. మూడు వారాలకు వాపు తీసింది, క్రియాటినిను కిందికి దిగింది.

"ఇంక ఆ పాడు ఆట మానేయమని చెప్పరా తమ్ముడూ" అంది అప్ప. చెప్పడం ఎంతసేపు? ఆట మానితే ఆయన నడక మానతారు. నడక మానితే ఏమవుతుందో నాకు తెలుసు. స్వీడనులో కరోలిన్స్కా సంస్థవారు 2009లో ప్రచురించిన పరిశీలనలో మూడు లక్షల మంది గోల్ఫ్ ఆటగాళ్ళ లెక్క తీస్తే, అదే వయసులో ఉన్న ఇతరుల కంటే వాళ్ళలో మరణాలు 40 శాతం తక్కువగా కనిపించాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే ఆట ఆడతారు గనుక ఆ ఘనతంతా ఆటదే అనలేం. అయినా వారానికి మూడు రోజులు పచ్చికలో నడిచే మనిషిని తిరిగి పడక కుర్చీలో కూర్చోబెట్టమని సలహా ఇచ్చే ధైర్యం నాకు లేదు. ముందు ఆయన ఎలా ఆడుతున్నారో చూద్దామని ఒక ఆదివారం విశాఖ వెళ్ళాను.

చూశాను. 1757లో బొబ్బిలి యుద్ధం జరిగేనాటికి తాండ్ర పాపారాయుడు ఉన్నది మా రాజాంలోనే. ఆయన విజయరామరాజు మీదికి కత్తి ఎత్తినట్టుగా బావగారు ఆ బంతి మీదికి కర్ర ఎత్తుతున్నారు! పళ్ళు బిగించి, ఊపిరి బిగబట్టి, పాదాలు నేలకు అతికించి, నడుము ఒక్కటీ మెలితిప్పి కొట్టడం. బంతి కుడివైపు వంకర తిరిగి పొదల్లో పడింది. అక్కడి శిక్షకుడు నవ్వి ఊరుకున్నాడు. ఆ రోజు నుంచి నేనూ వీలు దొరికిన ఆదివారాలు బావగారితో కలిసి నేర్చుకుంటున్నాను. నాకిప్పుడు 56. కింద వ్రాస్తున్నదంతా ఆ శిక్షకుడు చెప్పినదీ, నేను చదివిన శరీరశాస్త్రమూ కలిపి చెప్పేది.

ముందు కర్రల మాట. ఆడే చోటునూ క్లబ్బే అంటారు, ఆడే కర్రనూ క్లబ్బే అంటారు గనుక తికమక లేకుండా నేను కర్ర అంటాను. నియమాల ప్రకారం సంచీలో 14 కర్రల వరకు ఉండవచ్చు. ఉండవచ్చు అన్నారు గాని ఉండాలి అనలేదు. కొత్తవాడికి ఆరో ఏడో చాలు. దూరం కొట్టడానికి లావు తల ఉన్న వుడ్డు ఒకటి (పేరు వుడ్డే గాని ఇప్పుడంతా లోహమే), హైబ్రిడ్ ఒకటి, 7 నంబరు ఐరను, 9 నంబరు ఐరను, పిచింగ్ వెడ్జి, ఇసుక గుంటలోంచి బంతిని లేపడానికి శాండ్ వెడ్జి, చివర బంతిని గుంటలోకి దొర్లించే పట్టరు. ఇంతే. మిగిలిన ఏడింటి బరువు భుజానికి దండగ.

కర్రలో మొట్టమొదట చూడవలసింది కాడ. స్టీలు కాడ బరువుగా ఉంటుంది. పైగా కర్ర తల నేలకు తగిలితే ఆ అదురు నేరుగా మోచేతికి ఎక్కుతుంది. గ్రాఫైటు కాడ తేలిక, అదురును కొంత తానే మింగుతుంది. యాభై దాటినవారికి, ముఖ్యంగా మోచెయ్యి, మణికట్టు నొప్పులున్నవారికి నేను గ్రాఫైటే చెబుతాను. తరువాత కాడ ఎంత వంగుతుందన్నది చూడాలి. గట్టివాటి మీద స్టిఫ్ అనీ, మధ్యరకం మీద రెగ్యులర్ అనీ, మెత్తనివాటి మీద సీనియర్ అనీ ఉంటుంది. సీనియర్ అన్న మాట చూసి చాలామంది మగవారు చిన్నబుచ్చుకుంటారు. చత్వారం కళ్ళజోడు పెట్టుకోవడానికి లేని సిగ్గు దీనికెందుకో నాకర్థం కాదు. కర్ర విసిరే వేగం తక్కువగా ఉన్నవారు గట్టి కాడ తీసుకుంటే అది వారికి వంగదు. వంగనిదాన్ని వంచాలని నడుముతో బలం పెడతారు. మా బావగారికి జరిగింది అదే.

ఐరన్ల తల వెనకవైపు తిప్పి చూడండి. వీపు మొత్తం సాపుగా ఉంటే అవి చేయి తిరిగినవారికి. వీపు తొలిచినట్టు లోపలికి గుంటగా ఉండి, బరువంతా అంచులకు చేరి ఉంటే అవి మనలాంటివారికి. కుమ్మరి సారె అంచు బరువుగా ఉంటే తొణకకుండా తిరుగుతుంది చూశారా, ఇదీ అంతే. బంతి నడిమధ్యన తగలకపోయినా కర్ర తల చేతిలో మెలితిరగదు. మెలితిరగకపోతే మణికట్టుకు దెబ్బ లేదు.

పిడి లావు కూడా చూసుకోవాలి. ఎడమచేత్తో పట్టుకుంటే మధ్యవేలు, ఉంగరపువేలు కొసలు బొటనవేలి మొదట ఉన్న మెత్తటి కండకు లేశంగా తగలాలి. పిడి మరీ సన్నగా ఉంటే వేళ్ళు గుచ్చుకుంటాయి, జారుతుందేమోనని ఇంకా బిగిస్తాం. మన తీరప్రాంతపు చెమటకు పిడి జారడం మామూలే గనుక చేతిగుడ్డ ఒకటి వెంట ఉంచుకోండి. ఇక పొడవు. బూట్లు వేసుకుని నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే, మణికట్టు మడత నుంచి నేల వరకు దర్జీ టేపుతో కొలిపించండి. దుకాణంవాడికి మీ ఎత్తుతో పాటు ఆ కొలతా చెబితే సరైన కర్ర తీస్తాడు. మన కొలతకు మించిన పొడవుంటే నిటారుగా నిలబడి చేతులతో తోడాలి, పొట్టిదైతే నడుము వంచాలి. రెండూ వెన్నుకు చేటే. సెకండ్ హ్యాండ్ కర్రలు కొనడం తప్పేమీ కాదు, కాకపోతే ఎవరి కొలతకు చేసినవో చూసుకోవాలి. కొడుకు చొక్కా తండ్రి తొడుక్కుంటే ఊరు నవ్వుతుంది. కొడుకు కర్ర పడితే నడుముకు శిక్ష పడుతుంది.

డ్రైవరు అన్నది అన్నిటికంటే పొడుగు కర్ర, అన్నిటికంటే పెద్ద తల. కొత్తవాళ్ళందరికీ దీని మీదే మోజు. దీని ముఖం దాదాపు నిలువుగా, తొమ్మిది నుంచి పన్నెండు డిగ్రీల వాలుతో ఉంటుంది. వాలు తక్కువైనకొద్దీ బంతి తక్కువ ఎత్తులో పోతుంది, పక్కకు వంకర తిరగడం ఎక్కువవుతుంది. అందుచేత కొనేట్టయితే పన్నెండుకు దగ్గరగా ఉన్నది కొనండి. నన్నడిగితే మొదటి ఆరు నెలలూ డ్రైవరు ఇంట్లోనే ఉంచి, కాస్త పొట్టిగా, వాలు ఎక్కువగా ఉండే 5 నంబరు వుడ్డుతో మొదటి దెబ్బ కొట్టండి. బంతి ఇరవై ముప్ఫై గజాలు తక్కువ పోవచ్చు. మైదానం మధ్యలో మాత్రం ఉంటుంది.

ఇప్పుడు ఆ మొదటి దెబ్బ, అంటే టీ షాట్. టీ అంటే బంతిని నిలబెట్టే చిన్న చెక్కమేకు. దాన్ని ఎంత లోతుకు గుచ్చాలన్నదానికీ నడుముకూ సంబంధం ఉంది. డ్రైవరు తలను నేలమీద ఆనిస్తే దాని పైఅంచుకు పైన సగం బంతి కనబడాలి. వుడ్డుకైతే ఇంకా కిందికి దించాలి. ఐరనుకైతే బంతి గడ్డి మీద ఉందా లేదా అన్నట్టుండాలి. డ్రైవరు బంతిని కాస్త పైకి పోతూ తాకవలసిన కర్ర. టీ మరీ కిందికి దిగితే బంతిని తవ్వడానికి వంగుతాం, నేలను తంతాం. నేలను తన్నిన దెబ్బే మోచేతి కండరాల మొదళ్ళను చీలుస్తుంది. గోల్ఫర్స్ ఎల్బో అని దానికి పేరే పెట్టారు.

కుడిచేతివాటం వారైతే బంతి ఎడమ మడమ లోపలి అంచుకు ఎదురుగా ఉండాలి. పాదాల మధ్య భుజాలంత దూరం. పిడిని ఎంత గట్టిగా పట్టుకోవాలి? నేను నాడి చూసేటప్పుడు వేళ్ళు ఎంత ఆనిస్తానో అంత. గట్టిగా నొక్కితే నాడి అందదు, మరీ వదిలేస్తే దొరకదు. వేళ్ళు బిగిస్తే మణికట్టు బిగుస్తుంది, అక్కడినుంచి మోచెయ్యి, భుజం, మెడ వరుసగా కట్టెలవుతాయి.

తిరగడం దగ్గరే అసలు చిక్కంతా ఉంది. నడుము వెన్నుపూసలు ముందుకూ వెనక్కీ వంగడానికి ఏర్పడ్డాయి. పక్కకు ఒక్కొక్కటి రెండు మూడు డిగ్రీలకు మించి తిరగదు. బాగా తిరిగేవి తుంటి కీళ్ళు, ఛాతీ వెనకనున్న వెన్నుపూసలు. పాదాలను నేలకు అతికించి తుంటిని బిగించి భుజాలొక్కటే తిప్పితే ఆ మెలి అంతా నడుము డిస్కుల మీద పడుతుంది. బలంగా విసిరేటప్పుడు ఆ డిస్కుల మీద మన శరీరం బరువుకు ఎనిమిది రెట్ల దాకా ఒత్తిడి పడుతుందని కొలిచి చెప్పారు. టీవీలో కుర్రాళ్ళు అలా కొడతారు. వాళ్ళ డిస్కులు వేరు. కర్రను వెనక్కి ఎత్తేటప్పుడు ఎడమ మడమ నేలమీదినుంచి లేవనివ్వండి, తుంటిని కూడా తిరగనివ్వండి, బొడ్డు కుడివైపు చూడాలి. కొట్టేటప్పుడు మడమను దించి మళ్ళీ తుంటితోనే మొదలుపెట్టండి, చేతులు వాటంతటవే వస్తాయి. కొట్టాక బొడ్డు బంతి పోయిన వైపు చూడాలి, కుడి మడమ పైకి లేవాలి. చిన్నప్పుడు బిళ్ళంగోడు ఆడినవారు, కర్రసాము చూసినవారు దీన్ని తొందరగా పట్టుకుంటారు. బిళ్ళ లేచాక మనం దాన్ని దూరం కొట్టింది కండతో కాదుగా!

దూరం అంటే బలం అన్న భ్రమ పోవాలంటే ఒక లెక్క వినండి. బంతి బరువు 45.93 గ్రాములకు మించకూడదని నియమం. ఒక కోడిగుడ్డు కంటే తక్కువ. డ్రైవరు మొత్తం బరువు సుమారు 300 గ్రాములు. బంతీ కర్రా తాకి ఉండేది సెకనులో రెండువేలవ వంతు కాలం. ఆ క్షణంలో మీరు పళ్ళు బిగించి పెట్టే బలం బంతికి చేరేదే లేదు. తల నడిమధ్యన బంతి తగిలిందా, తగిలేవేళకు కర్ర ముఖం గురివైపే ఉందా అన్నవే దూరాన్ని తేలుస్తాయి. ముఖం కుడివైపుకు తెరుచుకుని ఉంటే ఎంత బలంగా కొడితే అంత వంకర. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మన అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచింది. ఆ పోటీలో దూరం కొట్టడంలో ఆమె దాదాపు చివరివారిలో ఒకరు.

గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారికి ఇంకొక మాట. కొట్టేటప్పుడు ఊపిరి బిగబట్టకండి, రక్తపోటు ఒక్కసారిగా ఎగురుతుంది. కర్ర కిందికి వచ్చేటప్పుడు నోటితో ఊపిరి వదలండి. నూతిలో బొక్కెన తోడే మా తాతలు "హుఁ" అనేది ఇందుకే కాబోలు.

అభ్యాసానికి మైదానమే అక్కరలేదు. చిల్లులున్న ప్లాస్టిక్ బంతులు దొరుకుతాయి, గట్టిగా కొట్టినా ఎవరికీ దెబ్బ తగలదు. నేను సాయంత్రాలు మా ఊళ్ళో ఖాళీ స్థలంలో అవే కొడతాను. మొదటిరోజు పిల్లలు చుట్టూ చేరి, "ఏటి బాబూ అది, బిళ్ళ లేకండా బిళ్ళంగోడా?" అన్నారు. ఇప్పుడు బంతులు ఏరి తెచ్చేది వాళ్ళే, నా విసురుకు వంకలు పెట్టేదీ వాళ్ళే. ఇరవై సార్లు సగం విసురు, పది సార్లు ముప్పావు విసురు. పూర్తి విసురు నెల తరువాత. ఆటకు ముందు కూడా అంతే. పది నిమిషాలు నడిచి, వెడ్జితో చిన్న చిన్న విసుర్లు విసిరి, ఆ తరువాతే టీ దగ్గరకు వెళ్ళాలి. కారు దిగి నేరుగా డ్రైవరు పట్టేవారే నాకు ఎక్కువ పని కల్పిస్తున్నారు.

నడుము నొప్పి వస్తే రెండు మూడు రోజులు ఆట ఆపండి, మంచం పట్టకుండా ఇంట్లో తిరుగుతూ ఉండండి. వేడి కాపడం పెట్టండి, అవసరమైతే పారాసెటమాలు చాలు. నొప్పి మోకాలి కిందికి దిగినా, పాదం మొద్దుబారినా, మూత్రం కట్టినట్టయినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. షుగరు మందులు వాడేవారు జేబులో బెల్లం ముక్కో గ్లూకోజో ఉంచుకోండి. మన జిల్లాల్లో వేసవి సాయంత్రాలు మబ్బు పట్టిందంటే పిడుగులు తప్పవు. ఉరుము వినబడగానే కర్రలు వదిలి భవనంలోకి వెళ్ళాలి, చెట్టు కిందికి మాత్రం పోవద్దు. పొదల్లో పడ్డ బంతి కోసం చెయ్యి పెట్టవద్దు, కర్రతో కదిపి చూడండి. బంతి మళ్ళీ కొనుక్కోవచ్చు.

బావగారిప్పుడు ఏడు గ్రాఫైటు కర్రలతో ఆడుతున్నారు. మేనల్లుడి సెట్టు అటక మీద ఉంది. మొన్న ఆదివారం 5 నంబరు వుడ్డుతో కొట్టిన మొదటి దెబ్బ నిటారుగా పోయి నాకంటే పది గజాలు ముందు పడింది. ఆ సంగతి ఆయన నాకు రెండుసార్లు, అప్పకు ఫోనులో ఒకసారి చెప్పారు. రక్తపోటు 130/80. గుండె డాక్టరుగారు రాసిచ్చిన, నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేటు బిళ్ళలను ఆయన టీలు పెట్టుకునే చిన్న అరలోనే ఉంచుతారు. ఛాతీలో బరువుగా అనిపిస్తే ఆట ఆపి, కూర్చుని, ఒక బిళ్ళ పెట్టుకోవాలి. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోను చేయాలి. ఆ అర ఎక్కడుందో తనతో ఆడేవారందరికీ ఆయన ముందే చూపించారు. ఆట అయ్యాక సంచీని ఎండలో కారు డిక్కీలో వదిలేయకుండా ఇంట్లోకి తెచ్చేది మాత్రం మా అప్పే.